పేరు తెలియని చెట్లు

మన యాత్రా రచనల్లో ఒక వాక్యం ఉంది. ఎవరు రాసినా సరే, ఏ ఊరు వెళ్లి వచ్చినా సరే, రెండో పేజీ తిప్పేలోగా అది ఎదురు కావలసిందే. "దారికి రెండు పక్కలా పేరు తెలియని చెట్లు, పేరు తెలియని పూలు మమ్మల్ని పలకరించాయి."

చెట్లు పలకరించాయట! తిరిగి పలకరిద్దామంటే పాపం ఈయనకు వాటి పేరు తెలియదట!

అసలు పేరు తెలియంది ఎవరికండీ? ఆ చెట్టు కింద మేకలు కాసేవాడికి తెలుసు. దాని కొమ్మ విరిచి పళ్లు తోముకునేవాడికి తెలుసు. పొయ్యిలోకి కట్టెలు ఏరుకునే ఇల్లాలికి ఏ కట్టె మంట పెడుతుందో, ఏ కట్టె పొగ పెడుతుందో కూడా తెలుసు. తెలియంది రాసిన పెద్దమనిషి ఒక్కడికే. తన తెలియనితనాన్ని తీసుకెళ్లి చెట్టుకు తగిలించి, చక్కా ఇంటికొచ్చి వ్యాసం రాసేశాడు.

ఒకరిని అనడం సులువు గనుక ముందు నా సంగతి చెప్పుకుంటాను. చాలా ఏళ్ల కిందట ఉదయగిరి కొండ చూసి వచ్చి ఒక వ్యాసం రాశాను. కోట గురించి, 1514లో దాన్ని గజపతుల నుంచి గెలుచుకున్న కృష్ణదేవరాయల గురించి రాయవలసింది రాసి, ప్రకృతి వర్ణన లేకపోతే బాగుండదని చివర్లో "దేవదారు వృక్షాల చల్లని నీడలో సేద తీరాము" అని ముగించాను. కొండెక్కుతుంటే ఎవరో "అది దేవదారి సార్" అన్నారు. దేవదారి అంటే దేవదారే కదా! కాళిదాసు చూసిన చెట్టు మన నెల్లూరు జిల్లాలోనూ ఉందని లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

వ్యాసం అచ్చయిన పది రోజులకు ఉదయగిరి వైపు నుంచి ఒక కార్డు ముక్క వచ్చింది. "అయ్యా, మా కొండ మీది దేవదారి మహా పెరిగితే రెండు నిలువులు. దాని నీడన సేద తీరాలంటే మీరు మేకపిల్లగా పుట్టి ఉండాలి." ఇంతే. కింద సంతకం, తేదీ.

నా రచనల మీద వచ్చిన విమర్శల్లో ఇంత పొట్టిదీ లేదు, ఇంత న్యాయమైనదీ లేదు.

ఆ కార్డు పుణ్యమా అని ఆ సీమకు మళ్లీ వెళ్లాను. ఈసారి కోట కోసం కాదు, చెట్ల కోసం. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బద్వేలు పోయే రోడ్డు పట్టుకుని మర్రిపాడులో దిగాను. ఆత్మకూరు వరకూ కంటికి వరి పచ్చ కనబడుతూనే ఉంటుంది. అది దాటాక నేల రంగు మారుతుంది. మెట్ట మొదలవుతుంది. పడమటి దిక్కున వెలిగొండలు గోడ కట్టినట్టు నిలబడతాయి. ఎండ సంగతి నేను చెప్పడం దేనికి? నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో వేసవి ఎలా ఉంటుందో ఆ దారిన ఒక్క మధ్యాహ్నం నడిచినవారికి చెప్పనక్కర్లేదు, నడవనివారికి చెప్పినా తెలియదు.

బస్సులో పక్క సీటు పెద్దమనిషి "మర్రిపాడా? మర్రి ఎప్పుడో పాడైపోయి ఉంటుంది, అందుకే ఆ పేరు" అని నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, ఆ అర్థం సరికాదు. ఊళ్ల పేర్ల చివర వచ్చే 'పాడు' పాడుబడడం కాదు, ఊరని అర్థం. మర్రి ఉన్న ఊరు మర్రిపాడు. అంటే ఈ ఊరికి పేరు పెట్టినవాడు మొదట చెట్టును చూశాడు. ఆ చెట్టు ఏ చెట్టో వాడికి తెలుసు. మన యాత్రికుడికి ఆ పని అప్పగించి ఉంటే 'పేరు తెలియని చెట్టుపాడు' అని పెట్టేవాడు!

మర్రి విషయంలో ఇలాంటి పని నిజంగానే జరిగింది. ఇంగ్లీషులో మర్రిని 'బనియన్' అంటారు. అది చెట్టు పేరు కాదు, మనుషుల పేరు. పదిహేడో శతాబ్దంలో పర్షియా తీరంలోని గోంబ్రూన్ రేవులో, అంటే ఇప్పటి బందర్ అబ్బాసులో, ఒక మర్రి కింద మన గుజరాతు వైపు వర్తకులు, బనియాలు, కూర్చునేవారట. అక్కడికి వెళ్లిన ఐరోపా యాత్రికులు అది బనియాల చెట్టు అన్నారు. అదే స్థిరపడిపోయింది. కింద కూర్చున్నవారిని "ఈ చెట్టును మీరేమంటారు?" అని అడిగి ఉంటే సరిపోయేది. అడగకపోవడం వల్ల ప్రపంచమంతా ఒక మహావృక్షాన్ని దాని కింద బేరాలాడినవాళ్ల పేరుతో పిలుస్తోంది. యాత్రికుడు రాసిన తప్పు యాత్రికుడితో పోదని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు దొరకలేదు.

మరి మనవాళ్లు ఎలా చూశారు? తెలుగులో యాత్రా రచన అంటే ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'తోనే లెక్క మొదలుపెట్టాలి. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. ఆయన పోయిన రెండేళ్లకు, 1838లో, మిత్రులు కోమళేశ్వరపురం శ్రీనివాస పిళ్లెగారు దాన్ని అచ్చువేయించారు. వీరాస్వామయ్యగారి కన్ను గొప్పది. దారి ఇసుక పర్రా, రాతి నేలా, బావి నీళ్లు మంచివా, ఉప్పువా, మజిలీలో ఏమి దొరుకుతుంది, ఏమి దొరకదు, అన్నీ రాశారు. వెనక వచ్చే బాటసారికి పనికిరావాలన్నది ఆయన దృష్టి. అందుకే ఆ పుస్తకం ఇప్పటికీ బతికి ఉంది. చెట్లను ఒక్కొక్కటిగా పరిచయం చేయడం ఆయన పెట్టుకున్న పని కాదు. దానికి ఆయన్ను తప్పు పట్టను. తన పనికి కావలసిన ప్రతి ప్రశ్నా ఆయన అడిగారు. తప్పల్లా ఆయన తరువాత వచ్చి, ఆయన అడిగినవీ అడగక, కొత్తవీ అడగక, ఆకాశం వైపు చూసి 'ప్రకృతి కన్య' అని నిట్టూర్చిన మనది.

ఈ నిట్టూర్పు మనకు కావ్యాల నుంచి వచ్చిందంటారు కొందరు. అష్టాదశ వర్ణనలు ఉండాలి గనుక కవి ఏ కొండనైనా ఒకే రకం చెట్లతో నింపేవాడన్నది వారి వాదం. కొంత నిజమే. చందనం, పున్నాగ, అశోకం ఏ నేల మీదైనా కలిసి మొలిచే అడవులు మన ప్రబంధాల్లో చాలా ఉన్నాయి. కానీ మొత్తం బరువు కావ్యాల మీద వేయడం అన్యాయం. ఉదయగిరిని ముట్టడించిన ఆ రాయలే 'ఆముక్తమాల్యద'లో వేసవినీ వానాకాలాన్నీ పల్లె బతుకుతో సహా చూపించాడు. రాజయి ఉండి రైతు ఇంటి తడికట్టెల పొగ చూడగలిగినవాడికి ఏ అలంకార శాస్త్రం అడ్డం రాలేదు. బస్సు దిగి నాలుగడుగులు నడవడానికి మనకు అడ్డం వచ్చిందేమిటో!

అడిగినవాళ్లు లేకపోలేదు. అయితే వాళ్లు చాలావరకు సముద్రాలు దాటి వచ్చినవాళ్లు. 1781 నుంచి సామర్లకోటలో ఉన్న డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన పుస్తకం మొదటి సంపుటం 1795లో లండనులో వెలువడింది. మూడు సంపుటాలు, 300 చిత్రపటాలు. మొక్క మొక్కకూ శాస్త్రీయ నామం పక్కన తెలుగువారు ఏమంటారో వీలైనంత మేరకు రాసుకున్నాడు. ఉచ్చారణ ఆయన చెవికి తగ్గట్టు వంకర టింకరగా ఉంటుంది. అయినా అడిగాడు, రాశాడు. తరువాత సర్ వాల్టర్ ఇలియట్ అనే సివిల్ ఉద్యోగి 1859లో మద్రాసు నుంచి 'ఫ్లోరా ఆంధ్రికా' ప్రకటించాడు. ఉత్తర సర్కారు జిల్లాల్లో కనిపించే మొక్కల తెలుగు పేర్లకు, వాటి శాస్త్రీయ నామాలకు పట్టిక అది. ఒక భాషలోని చెట్ల పేర్ల కోసమే ఒక పుస్తకం! ఆ పని చేసినవాడికి తెలుగు తల్లిభాష కాదు.

ఇక్కడ మన మెచ్చుకోలుకు ఒక గీత గీయాలి. రాక్స్‌బర్గు పుస్తకంలో బొమ్మలు వేసిన చిత్రకారులు ఈ దేశంవారు. వారి పేర్లు ఆ పటాల కింద లేవు. "దీన్ని ఇలా అంటారు దొరా" అని చెప్పినవారి పేర్లు అసలే లేవు. మొక్క పేరు లాటిన్‌లోకి ఎక్కింది, దొర పేరు మొక్క పక్కన ఎక్కింది, చెప్పినవాడు మాత్రం చేలోనే ఉండిపోయాడు. మనవాళ్లు చెట్టు పేరు అడగలేదు, దొరలు చెట్టు పేరు అడిగి మనిషి పేరు వదిలేశారు. రెండూ లోపాలే. ఏది పెద్దదో పాఠకులే తేల్చాలి.

ఇక మర్రిపాడు సంగతి. ఊరు దాటి కొండల వైపు నడిచాను. దారి పక్కన తంగేడు పసుపు, అక్కడక్కడా రేల, బలుసు పొదలు, జిల్లేడు. ఒక చోట మేకలు. మేకల వెనక ఒక ముసలావిడ.

"యాడినుంచి నాయనా?" అంది.

"నెల్లూరు అవ్వా. ఈ చెట్టును ఏమంటారు?"

ఆవిడ చెట్టు వైపు చూడలేదు. నా చేతుల వైపు చూసింది. తరువాత నా సంచి వైపు చూసింది. "ఎందుకడగతా ఉండావు? కొట్టుకోను వచ్చినావా?" అంది.

గొడ్డలి లేదని సంచి విప్పి చూపించాక గానీ నమ్మలేదు. అప్పుడు నవ్వి, "అది దేవదారి గదా. ఇదీ తెలీకనేనా ఇంత దూరం వచ్చింది!" అంది.

నా దేవదారు వృక్షం! కార్డు రాసిన మహానుభావుడు ఒక్క అంగుళం కూడా అబద్ధం చెప్పలేదు. నా తలకు మించి నాలుగు కొమ్మలు, చిన్న చిన్న ఆకులు. హిమాలయాల దేవదారుకూ దీనికీ చుట్టరికం లేదు. అది సూదుల్లాంటి ఆకులతో ఆకాశానికి పోయే చెట్టు. ఇది మెట్ట అడవిలో రాళ్ల మధ్య బతికే చెట్టు. అడవి గోరింట అనీ అంటారు. చేవ కట్టెకు మంచి వాసన ఉంటుంది, బహుశా అందుకే ఆ పెద్ద పేరు ఇచ్చి ఉంటారు. ఉదయగిరిలో చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే పనివారు ఉన్నారు. ఆ పనితనానికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడా వచ్చింది. వారి చేతిలో పలికే పేర్లు నర్ది, బిక్కి, కల్ది, దేవదారి. కొండ మీద నేను 'పేరు తెలియని పొదలు' అనుకున్నవి వారి ఇంట్లో పొయ్యి వెలిగించే పేర్లు.

ఈ దేవదారికి ఇంకొక చరిత్ర ఉంది. 1876–78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానిలో తిండి లేని బీదలు ఈ చెట్టు ఆకును విరివిగా తిన్నారని ఆనాటి వైద్యాధికారులు రాసిపెట్టారు. ఆలోచించండి. గింజ దొరకని రోజున అడవిలోకి వెళ్లినవాడికి వంద రకాల ఆకులు కనిపిస్తాయి. ఏది తింటే కడుపు నిండుతుంది, ఏది తింటే ప్రాణం పోతుంది? ఆ పూట చెట్టు పేరు తెలియడం సాహిత్య విషయం కాదు. నీడన సేద తీరానని నేను అబద్ధం రాసిన చెట్టు, ఒకనాడు తన ఆకులిచ్చి మనుషుల్ని నిలబెట్టిన చెట్టు. నా వాక్యం ఎంత చిన్నదైపోయిందో అప్పుడు తెలిసింది.

ఒకే పేరు రెండు చెట్లకు ఉండడం ఈ సీమలో దేవదారితోనే ఆగలేదు. చిల్ల అన్నారనుకోండి. పాతకాలం వారికి అది చిల్లగింజ చెట్టు. దాని గింజను కుండ లోపల అరగదీసి బురద నీళ్లు పోస్తే మట్టి అడుక్కు దిగి నీళ్లు తేటపడతాయి. ఇవాళ ఈ వైపు కుర్రవాళ్లను చిల్లచెట్టు చూపించమంటే రోడ్డు పక్క, చెరువు కట్ట మీద, బీడు నేలలో కమ్ముకున్న ముళ్లకంపను చూపిస్తారు. అది సర్కారు తుమ్మ, అమెరికా ఖండం నుంచి వచ్చింది. కట్టెల కరువు తీరుతుందని 1870ల చివర్లో పక్కనున్న కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. మనుషులు దేవదారి ఆకు తిన్న రోజులూ అవే. ఒక చిల్ల నీళ్లను తేటపరిచేది. రెండో చిల్ల లోతుకు వేరు దించి నీళ్లు తాగేది. వ్యాసకర్త 'చిల్లచెట్ల నీడలో' అని రాస్తే పాఠకుడు ఏ చిల్ల అనుకోవాలి?

యాత్రికులకు ఇష్టమైన మరో మాట 'అనాదిగా'. సీతాఫలాల తోపు చూడగానే "రామాయణ కాలం నుంచి" అని కలం దానంతటదే కదులుతుంది. సీతమ్మ పేరు పెట్టుకున్న ఆ పండు అమెరికా ఉష్ణదేశాల నుంచి వచ్చింది. రామాఫలమూ అక్కడిదే. నాగజెముడూ అక్కడిదే. వచ్చినంత మాత్రాన పరాయివని నేను అనను. సీత పేరు పెట్టి ఇంట్లోకి పిలుచుకున్నాక అది మన పండే. కాని వచ్చిన కథ చెబితే పండు రుచి తగ్గదు కదా! ఏదో ఒక ఓడలో సముద్రం దాటి వచ్చి, ఇక్కడి ఎండకు అలవాటు పడి, తెలుగు పేరు సంపాదించుకున్న చెట్టు కథ, 'అనాదిగా' అనే అబద్ధం కన్నా ఎంతో అందంగా ఉంటుంది.

అంతా విని ఒక మిత్రుడు అడ్డు తగిలాడు. "పేరు తెలిస్తే సరిపోతుందా? ఎర్రచందనం పేరు దేశదేశాలకూ తెలుసు. ఏమైంది?" అన్నాడు.

మాట్లాడలేకపోయాను. ఎర్రచందనం ఈ వెలిగొండలు, శేషాచలం, నల్లమల వైపు కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా సహజంగా అడవిగా పెరగదు. 1782లో దానికి శాస్త్రీయ నామం అచ్చులో పడింది. రంగు కోసం ఐరోపాకు, వాద్యాల కోసం జపానుకు దాని కట్టె ఓడలెక్కింది. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద ఒప్పందపు కట్టడి ఉంది. అయినా దొంగ గొడ్డళ్లు ఆగలేదు. 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులకు 20 మంది చనిపోయారు. చెట్టు వెల తెలిసినవారు ఎక్కడో ఉంటారు. చచ్చిపోయేది కూలివాళ్లు. అవ్వ నా సంచి ఎందుకు చూసిందో అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆమె ఎరిగినంతలో చెట్టు పేరు అడిగేవాడు చెట్టు కొట్టేవాడే.

అయితే ఆ కొండల మీద వచ్చే యాత్రా వ్యాసాలు చూడండి. "చందన పరిమళాలు మోసుకొచ్చే గాలి" అని రాస్తారు. ఎర్రచందనానికి ఆ వాసనే లేదు! మంచి గంధం వేరు, ఇది వేరు. లోకమంతా పేరు ఎరిగిన చెట్టు విషయంలోనూ ముక్కుతో చూడకుండా పేరుతో సరిపెట్టుకున్నాం.

ఇందాకటి చిల్లగింజ గురించి మనుస్మృతిలో ఒక మాట ఉంది. కతక ఫలం నీళ్లను తేటపరుస్తుంది నిజమే గాని, దాని పేరు తలచినంత మాత్రాన నీళ్లు తేటపడవు అని ఆ మాట భావం. మిత్రుడికి నా జవాబు అదే. పేరు చాలదు. గింజను అరగదీయాలి. కాని పేరే తెలియనివాడికి ఏ గింజ అరగదీయాలో మాత్రం ఎలా తెలుస్తుంది? పేరు గుమ్మం వంటిది. గుమ్మంలో నిలబడ్డవాడు ఇల్లు చూసినట్టు కాదు. గుమ్మమే ఎక్కనివాడు అసలు చూసినట్టే కాదు.

కనుక యాత్రలు రాసే మిత్రులకు నా మనవి ఒక్కటే. వర్ణన తగ్గించినా ఫరవాలేదు. కొండను ఏనుగుతో పోల్చకపోయినా మేము ఏమీ అనుకోం. దారిలో ఒక చెట్టు దగ్గర ఆగి, అక్కడున్న మనిషిని దాని పేరు అడగండి. పేరుతో పాటు అది దేనికి పనికొస్తుందో అడగండి. వీలైతే చెప్పిన మనిషి పేరు కూడా, ఆయనకు ఇష్టమైతే, రాయండి. ఆ పేర్లు ఇప్పుడు ముసలివాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. ఇలియట్ దొర మళ్లీ రాడు.

నేను తిరిగి వస్తుంటే అవ్వ వెనక నుంచి కేకేసింది. "నాయనా, ఇంకా ఏమన్నా అడగాలంటే ఇప్పుడే అడుగు. రేపు నేను ఇటు రాను."

ఆమె అన్నది మరునాటి మేకల మేత గురించే. అయినా నేను వెనక్కి తిరిగి వెళ్లి, పొద్దు గూకే దాకా అడుగుతూనే ఉన్నాను.